మౌలానా వచ్చిన ఊరు, స్పీకరునిచ్చిన ఊరు

కాకినాడలో సాంబమూర్తినగర్ అంటే ఆటోవాడు మారు అడగకుండా తీసుకువెళతాడు. ఆ సాంబమూర్తి ఎవరని అడిగితే మాత్రం చాలామంది "స్వాతంత్ర్య సమరయోధుడండి" అని అక్కడితో ఆగిపోతారు. సమరయోధుడే, కాదనం. అయితే బులుసు సాంబమూర్తి శాసనసభ్యుడు కూడా. ఈ రాష్ట్రం మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసి ఉన్న రోజుల్లో ఆ ప్రెసిడెన్సీ శాసనసభకు 1937 నుంచి స్పీకరు. అంతకు పద్నాలుగేళ్ల క్రితం ఇదే కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అధ్యక్షత వహించినవారు మౌలానా మహమ్మద్ అలీ. ఆ సభల బరువును భుజాన మోసినవారిలో సాంబమూర్తి ముఖ్యులు.

ఈ ఇద్దరి సంగతీ కలిపి చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఓటు, సీటు, చట్టసభ, అందులో ముస్లింల స్థానం అనే ప్రశ్నలు కాకినాడ పందిట్లో చర్చకు వచ్చాయి. ఆ ప్రశ్నలకు జవాబు వెతకాల్సిన పని తర్వాత మద్రాసు సభలో సాంబమూర్తి కూర్చున్న పీఠం ముందుకు వచ్చింది. ఆ ప్రశ్నలు ఇప్పటికీ మన ఇళ్లలో, మన మసీదు అరుగుల మీద ఎన్నికలు వచ్చినప్పుడల్లా నలుగుతూనే ఉన్నాయి.

వాల్తేరు ప్లాట్‌ఫారం మీద

మౌలానాకు మన కోస్తా కొత్త కాదు. 1921 జూలైలో కరాచీలో జరిగిన ఖిలాఫత్ మహాసభ, బ్రిటిష్ సైన్యంలో కొలువు చేయడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఆ తీర్మానం వెనక అలీ సోదరులున్నారు. ప్రభుత్వం ఊరుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరు 14న గాంధీతో కలిసి మద్రాసు వెళుతున్న మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషన్‌లో అరెస్టు చేశారు. ఆయన భార్య అంజదీ బేగం పక్కనే ఉన్నారు. ఆమె ఏడవలేదు, వెనక్కీ వెళ్లలేదు. బురఖాలోనే గాంధీ వెంట మద్రాసు ప్రయాణం సాగించారు. ఆమె ధైర్యాన్ని గాంధీ తన పత్రికలో ప్రత్యేకంగా రాశారు. అదే ప్రయాణంలో ఎనిమిది రోజుల తర్వాత మధురలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టారు. ఈ కొల్లాయి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మహమ్మద్ అలీకి రెండేళ్ల కఠిన శిక్ష పడింది. 1923 ఆగస్టు ఆఖరులో విడుదలయ్యారు. బయటికి వచ్చేసరికి దేశం మారిపోయింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది. గాంధీ 1922 మార్చి నుంచి ఎరవాడ జైలులో ఉన్నారు. కాంగ్రెసు రెండుగా చీలి వాదులాడుకుంటోంది. చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ స్వరాజ్య పార్టీ పెట్టి, శాసనమండళ్లకు పోటీ చేసి లోపలినుంచే ప్రభుత్వాన్ని నిలదీద్దామన్నారు. గాంధీ మాట తప్పరాదన్నవారు చట్టసభల గడప తొక్కవద్దన్నారు. 1923 సెప్టెంబరులో ఢిల్లీలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ అధ్యక్షతన ప్రత్యేక సమావేశం జరిపి, పోటీ చేయదలచుకున్నవారు చేయవచ్చని మధ్యేమార్గం కనిపెట్టారు. డిసెంబరులో కాకినాడలో దాన్నే మళ్లీ ఖాయం చేయాల్సి వచ్చింది. అంటే చట్టసభలకు వెళ్లడం తప్పా ఒప్పా అని దేశమంతా తలపట్టుకున్న ప్రశ్న మన కాకినాడలో తేలిందన్నమాట.

సామర్లకోటలో మెయిలు దిగి బ్రాంచి రైలెక్కి కాకినాడ చేరిన ప్రతినిధులకు తిండి, బస, పందిరి, నీళ్లు చూడటం చిన్న పని కాదు. సాంబమూర్తి అప్పటికే పేరున్న లాయరు. సహాయ నిరాకరణ పిలుపు విని ప్రాక్టీసు వదిలేశారు. సభల పనిలో తలమునకలుగా ఉండగానే ఆయన కొడుకు చనిపోయాడు. కడుపుకోతను దిగమింగుకుని ఆయన మళ్లీ పందిరి పనికి వచ్చేశారు. ఈ ఒక్క సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది.

డిసెంబరు 28న సభలు మొదలై జనవరి 1 వరకు సాగాయి. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసిన పద్నాలుగేళ్ల వలంటీరు దుర్గాబాయి. ఆ అమ్మాయే తర్వాత రాజ్యాంగ నిర్మాణ సభలో కూర్చుంది. ఆ సభల్లోనే మహమ్మద్ అలీ పట్టుబట్టి నెహ్రూను కాంగ్రెస్ కార్యదర్శిని చేశారు. నెహ్రూకు బిరుదులంటే గిట్టదు. ఆఫీసు ఉత్తరాల్లో మౌలానా, పండిట్, మహాత్మా అన్న మాటలన్నీ కొట్టేద్దామని చూశారు. మహమ్మద్ అలీ నుంచి వెంటనే తంతి వచ్చింది. ఎవరికి ఏం తీసేసినా గాంధీకి మాత్రం మహాత్మా అనే రాయాలని అధ్యక్షుడి హోదాలో ఆజ్ఞ. నెహ్రూ తన ఆత్మకథలో ఈ ముచ్చట చెప్పుకున్నారు.

ప్రసంగంలో ఏముంది?

కాకినాడ సభల పేరెత్తగానే చాలామందికి తోచేది ఒక్కటే. విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం పాడబోతే మౌలానా అభ్యంతరం చెప్పారనీ, పలుస్కర్ ఆగకుండా పాడారనీ అంటారు. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు, ఎవరికి కావలసిన రంగు వారు పూస్తారు. మాకు బాధ కలిగించేది అది కాదు. ఆ అయిదు నిమిషాల ముచ్చట మిగిలింది గానీ, అదే వేదిక మీద మౌలానా చేసిన పుస్తకమంత ప్రసంగం ఎవరికీ పట్టలేదు.

ఆ ప్రసంగంలో ముస్లింల రాజకీయ చరిత్రను 1857 దగ్గరనుంచి తవ్వి తీశారు. 1906 సిమ్లా రాయబారం దగ్గరకు వచ్చేసరికి ఎవరూ ఊహించని మాట అన్నారు. ఆగాఖాన్ నాయకత్వంలో ముస్లిం ప్రముఖులు వైస్రాయి దగ్గరకు వెళ్లి తమకు ప్రత్యేక స్థానాలు కావాలని అడిగిన సంగతి తెలిసిందే. అది తమంతట తాము వెళ్లిన రాయబారం కాదు, దొరల ఆజ్ఞ మీద ఆడిన నాటకం అనే అర్థం వచ్చేలా మౌలానా బహిరంగంగా చెప్పేశారు. చెప్పినవారెవరు? ఆ ఏడాదే ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టినప్పుడు అక్కడున్నవారు, ఆ లీగ్ కోసం కలం పట్టినవారు. తన ఇంటి గుట్టు తానే విప్పడానికి గుండె కావాలి.

అయితే అక్కడితో ఆగి ఉంటే ఆయనను మెచ్చుకోవడం సులువయ్యేది. ఆయన అక్కడ ఆగలేదు. ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే ముస్లిం అభ్యర్థికి ముస్లింలే ఓటేసే పద్ధతి, దొరల స్వార్థంతో వచ్చినా ఆనాటికి అవసరమేనని వాదించారు. వినడానికి వింతగా ఉన్నా, దాని వల్లే ఇరువర్గాల ఐక్యత త్వరపడిందన్నారు. ఆయన తర్కం ఇదీ: రెండు వర్గాలు అనుమానాలతో విడిపోయి ఉన్న కాలంలో ఒకే పెట్టెలో ఓట్లు వేయిస్తే ఎన్నికల గోదాయే మతకలహాల గోదా అవుతుంది. తన వర్గంవాడినే ఎన్నుకుంటే ఆ పోటీ ఇంటిలోపలి పోటీగానే ఉంటుంది. తర్వాత ఎన్నికైన వారిద్దరూ బయట కూర్చుని మాట్లాడుకోవచ్చు. 1916 లక్నో ఒప్పందం అలా కుదిరిందేగా అన్నది ఆయన మనసులోని మాట.

ఈ తర్కాన్ని ఒప్పుకోవాలని మేము అనడం లేదు. మాకూ దానిలో సగం నచ్చదు. తన వర్గం ఓటుతోనే గెలిచేవాడికి పక్కింటివాడిని మెప్పించే పని ఉండదు, అదే దాని రోగం. కానీ ఆ మిగతా సగం, అనుమానాలున్నచోట ఎన్నికే గొడవకు నెపం అవుతుందన్న భయం, తేలికగా తోసిపారేసేది కాదు.

అదే సభలో మరో ముఖ్యమైన సంగతి జరిగింది. చిత్తరంజన్ దాస్ బెంగాల్ ముస్లిం నాయకులతో ఒక ఒప్పందం కుదుర్చుకుని వచ్చారు. మండలిలో జనాభాను బట్టి సీట్లు, స్వరాజ్యం వచ్చాక ఉద్యోగాల్లో ముస్లింలకు నూటికి 55 అన్నది అందులో ముఖ్యాంశం. కాకినాడ దాన్ని తోసిపుచ్చింది. కారణాలు ఏమైనా కావచ్చు. ఒక నాయకుడు పక్కవారితో కూర్చుని కాగితం మీద రాసుకొచ్చిన మాటను పెద్దసభ కొట్టేస్తే, ఆ కాగితం మీద సంతకం పెట్టిన రెండోవాడి మనసు ఎలా ఉంటుందో ఆలోచించవలసింది. 1928 నెహ్రూ రిపోర్టు తర్వాత మహమ్మద్ అలీ కూడా కాంగ్రెసుకు దూరమైపోయారు. 1931 జనవరి 4న లండన్‌లో, రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలో కన్నుమూశారు. ఆయన ఖబరు జెరూసలేంలో ఉంది.

చొక్కా లేని స్పీకరు

సాంబమూర్తి మాత్రం ఉద్యమంలోనే ఉండిపోయారు. 1930లో తూర్పు గోదావరిలో ఉప్పు సత్యాగ్రహానికి ముందుండి నడిచారు, జైళ్లు చూశారు. ప్రాక్టీసు నాటి డాబూ దర్పం పోయింది. గాంధీ మధురలో కొల్లాయి కట్టినట్టే ఈయన కూడా చొక్కా మాని ధోవతి, పైన ఉత్తరీయంతో సరిపెట్టుకున్నారు. జనం మహర్షి అన్నారు.

1935 చట్టం వచ్చింది. 1937 మొదట్లో ఎన్నికలు. ఇవాళ పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటు చేతికొచ్చే మన పిల్లలకు ఆ ఎన్నికల తీరు చెప్పాలి. ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవాడికి, ఆస్తి ఉన్నవాడికి, చదువుకున్నవాడికి ఉంది. దేశం మొత్తం మీద ఓటర్లు సుమారు మూడు కోట్లు. కూలికి వెళ్లేవాడు, వలవేసేవాడు, సైకిల్ మీద గుడ్డలమ్ముకునేవాడు ఆ జాబితాలో లేడు. మద్రాసు శాసనసభలో మొత్తం 215 స్థానాలు. సాధారణ స్థానాలు 146, వాటిలో 30 దళితులకు. ముస్లింలకు 28. క్రైస్తవులకు 8, మహిళలకు 8. భూస్వాములకు, వర్తకులకు, కార్మికులకు ఆరేసి చొప్పున. ఐరోపావారికి 3, ఆంగ్లో ఇండియన్లకు 2. చివరికి యూనివర్సిటీకి ఒకటి, గిరిజనులకు ఒకటి. మనిషిని ఇన్ని ముక్కలు చేసి లెక్కపెట్టిన పట్టిక మరెక్కడా చూడం.

ఆ ముస్లిం స్థానాలు 28 అంటే ఇక్కడి కోస్తా, రాయలసీమ మొదలుకుని తమిళ జిల్లాలు, మలబారు వరకు. ఒక్కో ముస్లిం సభ్యుడి నియోజకవర్గం ఎంత పెద్దదో, కాకినాడలో ఓటున్న నాలుగు ముస్లిం కుటుంబాలు తమ సభ్యుడిని ఎన్నిసార్లు చూసి ఉంటాయో ఊహించుకోవచ్చు. పేరుకు సీటు మనది. మనిషి మాత్రం అందనంత దూరంలో ఉన్నాడు.

కాంగ్రెసుకు 159 సీట్లు వచ్చాయి. గవర్నరు తమ పనిలో జోక్యం చేసుకోనని మాట ఇస్తేగాని మంత్రివర్గం వద్దని నాలుగు నెలలు బెట్టు చేసి, చివరకు జూలై 14న రాజాజీ ప్రధానిగా పగ్గాలు చేపట్టారు. అప్పట్లో రాష్ట్రంలోనూ ప్రధాని అనే పిలిచేవారు. ప్రజాపనుల శాఖ యాకూబ్ హసన్ సేట్‌కు దక్కింది. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ, వి.వి. గిరి కార్మికశాఖ తీసుకున్నారు. మర్నాడు, 15న, సాంబమూర్తిని స్పీకరుగా ఎన్నుకున్నారు. డిప్యూటీ స్పీకరు రుక్మిణీ లక్ష్మీపతి. విగ్గులు పెట్టుకుని గౌన్లు వేసుకునే సంప్రదాయం ఉన్న పీఠం మీద చొక్కా లేని మనిషి కూర్చున్నాడు!

స్పీకరు పనేమిటో మనవాళ్లకు టీవీలు వచ్చాక తెలిసింది. సభలో ఎవరు మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో చెప్పేవాడు ఆయనే. ఏ మాట రికార్డులో ఉండాలో, ఏది తీసేయాలో నిర్ణయించేదీ ఆయనే. మెజారిటీ ఉన్నవాడికి స్పీకరు అవసరం అంతగా ఉండదు, వాడి ఓట్లే వాడిని కాపాడతాయి. 159 మంది ఎదురుగా పదిమందో ఇరవైమందో ఉన్నవాడికే స్పీకరు కావాలి. కొత్త సభకు మొదట్లోనే ఆ పరీక్ష ఎదురైంది. సమావేశాల ఆరంభంలో వందేమాతరం పాడటం మీద ముస్లిం సభ్యులు అభ్యంతరం చెప్పారు. కాకినాడ పందిట్లో లేచిన గొడవే మద్రాసు సభలోకి నడిచి వచ్చింది. ఇక్కడొక తేడా చూడండి. కాకినాడలో అభ్యంతరం చెప్పినవాడు అధ్యక్షుడు, మద్రాసులో అభ్యంతరం విన్నవాడు అధ్యక్షుడు. మద్రాసులోనే కాదు, చాలాచోట్ల ఇదే గొడవ లేవడంతో ఆ ఏడాది అక్టోబరు చివర కలకత్తాలో కాంగ్రెసు కార్యవర్గం కూర్చుని, మొదటి రెండు చరణాలే పాడాలని, వేరే గీతం పాడుకునే స్వేచ్ఛ నిర్వాహకులకు ఉండాలని తేల్చింది. పద్నాలుగేళ్ల ముందు కాకినాడలో ఎవరైనా అలా కూర్చుని మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది అని మేము అనుకోకుండా ఉండలేం.

ఆ సభ చేసిన పనుల్లో రైతుల అప్పుల ఉపశమన చట్టం ఒకటి, 1938 నాటిది. అదే ఏడాది ఆంధ్రులకు వేరే రాష్ట్రం ఉండాలనే తీర్మానాన్ని కూడా సభ ఆమోదించింది. దానికి ముందు 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలై, అక్టోబరు చివర మంత్రివర్గం రాజీనామా చేసింది. డిసెంబరు 22న జిన్నా విముక్తి దినం జరపమన్నారు. కాంగ్రెసు పాలన పోయినందుకు కొందరు పండగ చేసుకున్నారంటే ఆ రెండేళ్లలో గాయం ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. అది న్యాయమైన కోపమా, రాజేసిన కోపమా అన్న వాదన చరిత్రకారులకు వదిలేద్దాం.

మంత్రులు పోయినా సభ రద్దుకాలేదు, స్పీకరు పదవి అలాగే ఉంది. సభలేని స్పీకరు. ఆ కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటూ యుద్ధం అయిపోయేదాకా ఉండిపోయినా అడిగేవాడు లేడు. 1942లో సాంబమూర్తి దాన్నీ వదిలేసి మళ్లీ ఉద్యమంలోకి వెళ్లారు.

ఇంటిని ఇచ్చినవాడు

ఎన్నికల లెక్కల్లో చూస్తే సాంబమూర్తి చరిత్ర అక్కడితో అయిపోయింది. కాని ఆయన పేరు దేశమంతా మళ్లీ వినిపించింది 1952లో. పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు సిద్ధపడితే, చోటివ్వడానికి పెద్దపెద్ద నాయకులే వెనకాడారు. మద్రాసు మైలాపూరు రాయపేట హైరోడ్డులోని తన ఇంటిని సాంబమూర్తి ఇచ్చారు. అక్టోబరు 19న దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి, 58వ రోజున, శ్రీరాములు ఆ ఇంట్లోనే ప్రాణం వదిలారు. నాలుగు రోజుల తర్వాత నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1938లో తన సభ కాగితం మీద చేసిన తీర్మానం 1953 అక్టోబరు 1న రాష్ట్రం అయింది. ఒకప్పటి స్పీకరు ఇల్లు ఇప్పుడు అమరజీవి స్మారకం.

1958 ఫిబ్రవరి 2న సాంబమూర్తి పోయారు. లాయరుగా సంపాదించగలిగినవాడు, స్పీకరుగా వెలగబెట్టినవాడు, వెనకేసుకున్నది మాత్రం ఏమీ లేదు.

ఒకే పెట్టె

మౌలానా భయపడిన ఒకే పెట్టె ఈలోగా వచ్చేసింది. రాజ్యాంగ నిర్మాణ సభలో 1947 ఆగస్టులో ప్రత్యేక నియోజకవర్గాలు ఉంచాలని పట్టుబట్టినవారిలో మన మద్రాసు ప్రాంతపు బి. పోకర్ సాహెబ్ ముఖ్యులు. సభ ఒప్పుకోలేదు. ముందు మైనారిటీలకు రిజర్వుడు సీట్లయినా ఉంచుదామనుకున్నారు, 1949లో అవీ తీసేశారు. ముస్లిం సభ్యురాలు బేగం ఐజాజ్ రసూల్ స్వయంగా ఆ రిజర్వేషన్లు వద్దన్నారు. మైనారిటీని మెజారిటీ నుంచి శాశ్వతంగా విడదీసే ఆయుధం అది అన్నది ఆమె వాదం. అందరికీ ఒకే ఓటర్ల జాబితా అని రాజ్యాంగం 325వ అధికరణం చెబుతోంది. 1952 నుంచి కూలివాడికీ, జాలరికీ, బురఖాలోని తల్లికీ ఓటు వచ్చింది. సీటు పోయింది, ఓటు వచ్చింది. ఇందులో ఏది ఎక్కువ అని మనలో కొందరు ఇప్పటికీ తర్కిస్తుంటారు.

ఆ తర్కానికి కాకినాడ సిటీ నియోజకవర్గం లెక్కలు కొంత పనికొస్తాయి. 2014లో తెలుగుదేశం అభ్యర్థి వనమాడి వెంకటేశ్వరరావు, అందరూ కొండబాబు అంటారు, 76,467 ఓట్లతో గెలిచారు. ద్వారంపూడి చంద్రశేఖరరెడ్డికి 52,467. తేడా సరిగ్గా 24,000. 2019లో తారుమారైంది. ద్వారంపూడికి 73,890, కొండబాబుకు 59,779. ఆ ఏడాది జనసేన తరఫున మూడో మనిషి ముత్తా శశిధర్ 30,188 ఓట్లు పట్టుకుపోయారు. ఓడిన ఇద్దరివీ కలిపితే 89,967, గెలిచినవారికంటే పదహారు వేలు ఎక్కువ. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తు పెట్టుకుని ఒకే అభ్యర్థిని నిలిపాయి. కొండబాబుకు 1,13,014 ఓట్లు, ద్వారంపూడికి 56,442. మెజారిటీ 56,572. పొత్తులో ఎవరున్నారో చూసి ముస్లిం ఓటరు తన లెక్క తాను వేసుకుని ఉంటాడు, అది వేరే సంగతి. మేము చూపదలచింది ఇంతే: 2019లాంటి ముక్కోణపు పోటీలో తేడా 14,111. అలాంటి ఏడాది నాలుగు వార్డుల్లో చెల్లాచెదురుగా ఉన్న ఓట్లకు కూడా అభ్యర్థులు గుమ్మం ఎక్కుతారు. 2024లాంటి ఏడాది ఎక్కకపోయినా వారికి నష్టం లేదు. 1937లో మన ఓటు మనకే వేసుకునేవాళ్లం కాబట్టి సాధారణ సీటుకు నిలబడ్డ అభ్యర్థికి మన గుమ్మంతో పనే లేదు.

నరసాపురం నుంచి ఒక ఛైర్మన్

సాంబమూర్తి తర్వాత గోదావరి ఒడ్డు నుంచి సభాధ్యక్ష పీఠానికి వెళ్లి గట్టి పరీక్ష ఎదుర్కొన్న మరో మనిషి గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పశ్చిమ గోదావరి నరసాపురానికి చెందిన మొహమ్మద్ అహ్మద్ షరీఫ్ 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఛైర్మన్ అయ్యారు. తొలి ముస్లిం ఛైర్మన్ ఆయనే అని కొందరు రాస్తుంటారు, కాదు. ఆయనకు ముందు ఆ కుర్చీలో నంద్యాల ఎన్.ఎం.డి. ఫరూఖ్ ఉన్నారు. షరీఫ్ ఎన్నికైన మూడు నెలలకే ప్రభుత్వం మారింది. అసెంబ్లీలో 175కి 151 మంది వైఎస్సార్ కాంగ్రెస్ వారు. మండలిలో మాత్రం తెలుగుదేశానిదే మెజారిటీ, ఛైర్మనూ ఆ పార్టీ నుంచి వచ్చినవారే.

2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ రద్దు బిల్లు అసెంబ్లీ దాటి మండలికి వచ్చాయి. రెండు రోజులు సభ అట్టుడికింది. 22వ తేదీ రాత్రి షరీఫ్ తన విచక్షణాధికారం వాడుతున్నానని చెప్పి రెండింటినీ సెలెక్ట్ కమిటీకి పంపారు. మెచ్చుకున్నవారు మెచ్చుకున్నారు, పార్టీ రుణం తీర్చుకున్నారని తిట్టినవారు తిట్టారు. నిబంధనల ప్రకారం నోటీసు సకాలంలో రాలేదన్న అభ్యంతరం చిన్నదేమీ కాదు. అంత పెద్ద నిర్ణయం మీద నలుగురు కూర్చుని చదివే సమయం అడగడం నేరమూ కాదు. మా అభిప్రాయం రెండోదానివైపే కొంచెం మొగ్గుతుంది.

ఫలితం ఏమైంది? కమిటీ ఏర్పడనే లేదు. 27న అసెంబ్లీ మండలినే రద్దు చేయాలని 133 ఓట్లతో తీర్మానించింది. ఒక మనిషి సంతకం నచ్చక కుర్చీనే తీసేద్దామన్నారు. అయితే మండలి రద్దు పార్లమెంటు చేతిలో పని, రాజ్యాంగం 169వ అధికరణం ప్రకారం. ఢిల్లీ కదలలేదు. మండలి నడుస్తూనే ఉంది, షరీఫ్ అధ్యక్షత వహిస్తూనే ఉన్నారు. బిల్లులు మాత్రం ఆ జూన్‌లో మళ్లీ అసెంబ్లీలో గెలిచి, జూలై 31న గవర్నరు సంతకంతో చట్టాలయ్యాయి. 2021 మే 31తో షరీఫ్ సభ్యత్వం, దాంతోపాటు పదవి ముగిశాయి. ఆ నవంబరు 22న ప్రభుత్వం ఆ చట్టాలను తానే ఉపసంహరించుకుంది. మర్నాడు మండలి రద్దు తీర్మానాన్ని కూడా వెనక్కి తీసుకుంది. అప్పటికి నాలుగు రోజుల ముందే ఛైర్మన్ కుర్చీలో కొయ్యే మోషేన్‌రాజు కూర్చున్నారు. దళితుల నుంచి ఆ పీఠానికి వచ్చిన మొదటివారు. ఆయనదీ పశ్చిమ గోదావరే.